నార్కట్‌పల్లి – అద్దంకి రోడ్డు: పొలం మనది, దారి లారీలది

వరి కోతలు మొదలయ్యాయంటే వాడపల్లి వంతెన దగ్గర ధాన్యం లారీలు ఆగిపోయాయన్న వార్త వెంటనే వస్తుంది. పలనాడు నుంచి మిర్యాలగూడ మిల్లులకు బయలుదేరిన వడ్లను కృష్ణ దాటగానే ఆపుతారు. టోకెన్ ఉందా, మిల్లు వాళ్ల కాగితం ఉందా అని అడుగుతారు. లేదంటే వెనక్కి తిప్పుతారు. లారీ ఆ రాత్రి అక్కడే ఉంటే వెయిటింగ్ చార్జీ రైతుదే, తేమ తగ్గి తూకం పడిపోతే ఆ నష్టమూ రైతుదే. రెండు రోజులు పత్రికల్లో గొడవ నడుస్తుంది, తర్వాత ఎవరూ పట్టించుకోరు. మళ్లీ కోతలకు అదే కథ.

చెక్‌పోస్టు గురించి మనం చాలాసార్లు మాట్లాడాం. ఈసారి ఆ చెక్‌పోస్టు ఏ రోడ్డు మీద ఉందో ఆ రోడ్డు గురించే మాట్లాడదాం. ఎందుకంటే ధాన్యం ఆగడం ఒక్కటే సమస్య కాదు. ఈ రోడ్డు ఎవరి కోసం వేశారు, ఎవరి నుంచి వసూలు చేస్తున్నారు, ఎవరికి అడ్డం పడుతోంది అని అడిగితే మన కష్టాలు చాలావరకు ఒకే దగ్గరికి వస్తాయి.

కాగితాల్లో దీని పేరు రాష్ట్ర రహదారి 2. నార్కట్‌పల్లి, అద్దంకి, మేదరమెట్ల మూడు పేర్లూ కలిపి పిలుస్తారు. పొడవు సుమారు 212 కిలోమీటర్లు. పైన హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దగ్గర మొదలవుతుంది. నల్లగొండ, తిప్పర్తి, మాడ్గులపల్లి, వేములపల్లి, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా వాడపల్లి చేరి కృష్ణ దాటుతుంది. అవతలి ఒడ్డున పొందుగల. అక్కడి నుంచి దాచేపల్లి, పిడుగురాళ్ల, కొండమోడు, నరసరావుపేట, సంతమాగులూరు, అద్దంకి దాటి మేదరమెట్ల దగ్గర చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారిలో కలుస్తుంది.

మ్యాపు చూస్తే రోడ్డు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. హైదరాబాదు నుంచి ఒంగోలు, నెల్లూరు, చెన్నై పోయే లారీ విజయవాడ దాకా వెళ్లి తిరిగి కిందికి దిగనక్కర లేకుండా ఇది అడ్డదారి. రెండు పెద్ద రోడ్లను కలిపే నిచ్చెన మెట్టు లాంటిది. అయితే ఆ నిచ్చెన మన పొలాల మీద వేశారు.

ఏ పొలాల మీద అన్నది కూడా చెప్పుకోవాలి. నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటలు, పత్తి. వేములపల్లి దగ్గర సాగర్ ఎడమ కాలువ వస్తుంది. అక్కడి నుంచి మిర్యాలగూడ దాకా వరి. ఆ వరి వల్లే మిర్యాలగూడలో అన్ని రైస్ మిల్లులు వచ్చాయి. దామరచర్ల, వాడపల్లి దగ్గర సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు, వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. ఏరు దాటితే దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు మళ్లీ సున్నపురాయి, సున్నం బట్టీలు, సిమెంటు. ఆ పక్కనే నల్లరేగడిలో మిరప, పత్తి. నరసరావుపేట దాటాక సాగర్ కుడి కాలువ ఆయకట్టు. చివరికి గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి. అంటే సాగర్ ఎడమ కాలువ రైతునీ కుడి కాలువ రైతునీ కలిపే దారి ఇది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నీళ్లు 1967 ఆగస్టులో రెండు కాలువల్లోకి వచ్చాయి. ఆ నీళ్ల వల్ల పండిన పంట మోసుకుపోవడానికే ఈ రోడ్డు అవసరం పెరిగింది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మాత్రం ఆ పంటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కృష్ణ దగ్గర ఒక నిమిషం ఆగాలి. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. పాత గుడులున్న ఊరు. 1788లో గుంటూరు సర్కారు కుంపిణీ చేతికి పోయింది. పలనాడు ఆర్కాటు నవాబు కింద ఉండి 1801లో కుంపిణీకి దక్కింది. అప్పటి నుంచి ఇక్కడ కృష్ణ ఒడ్డు రెండు రాజ్యాల సరిహద్దు. ఇవతల నిజాం, అవతల మద్రాసు సర్కారు. నిజాం రాజ్యానికి సొంత సుంకాల శాఖ ఉండేది, కరోడ్‌గిరీ అనేవాళ్లు. సరిహద్దు దాటే సరుకుకు నాకాల దగ్గర సుంకం కట్టించుకునేవాళ్లు. పడవ మీదో బల్లకట్టు మీదో ఏరు దాటినా సుంకం దాటడం కుదిరేది కాదు.

1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. యాభై ఎనిమిదేళ్లు గురజాల రైతుకు మిర్యాలగూడ పొరుగు జిల్లా మార్కెట్టే. పెళ్లి సంబంధాలు కలిశాయి, కౌలుకు అటు వాళ్లు ఇటు వచ్చారు, ఇటు కూలీలు అటు వెళ్లారు. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204 ఏరుకి రెండు వైపులా ఒకే వడ్లయింది. సాంబ మసూరి అన్నా బీపీటీ అన్నా మిర్యాలగూడ మిల్లరుకు ఏ ఒడ్డుదో తెలిసే పని లేదు, అక్కర కూడా లేదు. 2014 జూన్ 2న సరిహద్దు మళ్లీ పాత చోటికే వచ్చింది. రాష్ట్రాలు వేరు పడటం మీద మన సంఘంలో రెండు అభిప్రాయాలు ఉండొచ్చు, ఇప్పుడు ఆ చర్చ వద్దు. కానీ రాష్ట్రాలు వేరు పడితే వడ్లకు కూడా దేశం మారాలని ఏ చట్టంలో ఉంది?

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేయాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు దేశంలో చెక్‌పోస్టులు పోయాయని గొప్పగా చెప్పారు. 2020లో మూడు వ్యవసాయ చట్టాలు తెచ్చినప్పుడు రైతు తన పంటను దేశంలో ఎక్కడైనా అమ్ముకోవచ్చు, గోడలన్నీ కూల్చేశామన్నారు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు రైతులు కూర్చుని ఆ చట్టాలను వెనక్కి తీయించారు. మనం ఆ చట్టాలను ఎందుకు వద్దన్నామో అందరికీ తెలుసు. మద్దతు ధరకు హామీ లేకుండా మార్కెట్టు తెరిచామనడం మోసం అన్నాం. కానీ ఆ చట్టాలు పుస్తకంలో ఉన్న రోజుల్లో కూడా వాడపల్లి దగ్గర పలనాడు రైతు లారీ స్వేచ్ఛగా పోతుందన్న నమ్మకం ఎవరికీ కలగలేదు. ఎక్కడైనా అమ్ముకోవచ్చు అన్న మాట పెద్ద కంపెనీ కొనుగోలుకు వర్తించింది, ట్రాక్టరు మీద వచ్చినవాడికి వర్తించలేదు.

తెలంగాణ ప్రభుత్వం చెప్పే కారణం కొట్టిపారేయదగింది కాదు. మద్దతు ధరకు అక్కడి కేంద్రాల్లో కొంటున్నప్పుడు, 2024 ఖరీఫ్ నుంచి సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నప్పుడు, బయటి ధాన్యం దళారుల చేతుల మీదుగా ఆ కేంద్రాల్లోకి దూరితే నష్టం తెలంగాణ రైతుకే. దాన్ని ఆపాల్సిందే. కానీ దళారి చేసే పనికి రైతును దారిలో ఆపడం సులువు కాబట్టి రైతునే ఆపుతున్నారు. కొనుగోలు కేంద్రంలో పట్టాదారు పాసుపుస్తకం, కౌలు పత్రం, పంట నమోదు చూసి అక్కడ పట్టుకోవచ్చు. మిల్లరుకు నేరుగా అమ్మే ధాన్యానికి బోనస్‌తో సంబంధమే లేదు, దాన్ని వంతెన మీద ఆపడానికి కారణం ఏమిటి? ఈ తేడా రెండు ప్రభుత్వాల అధికారులకూ తెలుసు. కూర్చుని ఒక్క కాగితం రాసుకుంటే తేలిపోయే పని ఇది. ఇన్ని సీజన్లు గడిచినా ఆ కాగితం రాలేదు.

ఇక సుంకం. పాత రెండు వరుసల రోడ్డు మీద గుంతలున్నా డబ్బు అడిగేవాళ్లు లేరు. 2010లో దీన్ని నాలుగు వరుసలు చేసి టోలు వసూలు చేసుకునే పద్ధతిలో ప్రైవేటుకు ఇచ్చారు. 2014 నాటికి రోడ్డు సిద్ధమైంది. మాడ్గులపల్లి, తుమ్మలచెరువు, ఏల్చూరు దగ్గర టోల్ గేట్లు వచ్చాయి. ఒకటి ఏరు ఇవతల, రెండు అవతల.

రోడ్డు బాగుపడలేదని అనడం అబద్ధమవుతుంది. నరసరావుపేట నుంచి హైదరాబాదు ఆసుపత్రికి రాత్రికి రాత్రి మనిషిని తీసుకుపోగలుగుతున్నాం. ఒకప్పుడు పిడుగురాళ్ల దాటేసరికే నడుం విరిగేది. కానీ టోలు ఎవరు కడుతున్నారన్నది చూడాలి. లారీ యజమాని కడుతున్నాడని పైకి కనిపిస్తుంది. అతను కిరాయిలో కలుపుకుంటాడు. మిరప టిక్కీలు గుంటూరు యార్డుకు తోలినా, వడ్లు మిల్లుకు తోలినా, బత్తాయి హైదరాబాదుకు తోలినా కిరాయి పట్టీలో కోత పడేది రైతుకే. కొనేవాడు తన ధర తగ్గించి అడుగుతాడు, అమ్మేవాడికి పెంచి అడిగే దారి లేదు. సిమెంటు కంపెనీ టోలును బస్తా ధరలో వేసుకుంటుంది, ఆ బస్తా కొనేదీ మనమే. అంటే ఈ రోడ్డు మీద పోయే సరుకులో అటు పోయేదానికీ ఇటు వచ్చేదానికీ టోలు రైతు ఇంటి మీదే పడుతోంది.

పలనాడులో సుంకం మాట ఎత్తితే కన్నెగంటి హనుమంతు గుర్తుకు రాకుండా ఉండడు. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టమన్నారు. కట్టమన్నాడు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణం ఇచ్చాడు. టోల్ గేటును పుల్లరితో పోల్చడం అతిశయోక్తి అని కొందరు సభ్యులే అన్నారు. నిజమే, అది పరాయి పాలన, ఇది మనం ఎన్నుకున్నవాళ్లు చేసిన ఒప్పందం. కానీ ఊరి గడ్డి మీద ఊరివాడే డబ్బు కట్టాలనడం, ఊరి పొలం మీద వేసిన దారిలో ఊరివాడే డబ్బు కట్టాలనడం వినడానికి మాత్రం దగ్గరగానే ఉన్నాయి.

జాతీయ రహదారుల మీద ట్రాక్టర్ల దగ్గర రుసుము తీసుకోకూడదని కేంద్రం 2008 నాటి నిబంధనల్లో రాసింది. దాని పక్కనే ఇంకో మెలిక పెట్టింది. సర్వీసు రోడ్డో వేరే దారో ఉన్నచోట ట్రాక్టరు ప్రధాన రోడ్డు ఎక్కకూడదు. అంటే మినహాయింపుకూ సర్వీసు రోడ్డుకూ ముడి ఉంది. రైతుకు పక్కదారి ఇచ్చి పెద్ద రోడ్డు లారీలకు వదలాలన్నది దాని ఆలోచన. మన రోడ్డు మీద సమస్య ఏమంటే ఆ పక్కదారే చాలా ఊళ్ల దగ్గర లేదు. ఉన్నచోట కిలోమీటరు నడిచి ఆగిపోతుంది. ట్రాక్టరు పెద్ద రోడ్డు ఎక్కక తప్పదు, ఎక్కితే అడ్డం వచ్చాడని తిట్లు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డబ్బు కంటే పెద్దది ఇది.

రెండు వరుసల రోడ్డు ఉన్నప్పుడు ఊరికీ పొలానికీ మధ్య రోడ్డు ఉన్నా అది అడ్డం కాదు. అటూ ఇటూ చూసి దాటేవాళ్లం. డొంక ఒకవైపు దిగి రెండోవైపు ఎక్కేది. తెలంగాణ వైపు బండ్ల బాటలు కూడా అంతే. నాలుగు వరుసలు వేసి మధ్యలో డివైడర్ కట్టాక డొంకలు తెగాయి. ఊరి దగ్గర ఒక కటింగ్ ఇస్తారు, ప్రమాదం జరిగితే అదీ మూసేస్తారు. పొలం కళ్ల ముందే ఉంటుంది, పోవాలంటే రెండు మూడు కిలోమీటర్లు పోయి యూటర్న్ తీసుకోవాలి. డీజిలు ధర చూసుకునే రైతు ఏం చేస్తాడు? ఎదురు దారిలో నడుపుతాడు. రాత్రి పూట, తోకలైటు లేని ట్రాలీతో. దీన్ని మనం ఇంతకు ముందు చెప్పకుండా దాచుకున్నాం, ఇప్పుడు చెప్పాలి. తప్పు మన వైపు కూడా ఉంది. కానీ ఆ తప్పు చేయించింది రోడ్డు గీసినవాళ్లు. పొలానికి పోయే మనిషి రోజుకు ఎన్నిసార్లు దాటుతాడో లెక్కపెట్టకుండా గంటకు వంద కిలోమీటర్ల లారీకి మాత్రం లెక్క వేశారు.

2023 మే నెలలో పొందుగల దగ్గర జరిగినది అందరికీ గుర్తుండాలి. దామరచర్ల మండలం నుంచి ఆడవాళ్లు ఆటోలో ఏరు దాటి గురజాల వైపు మిరప కోతలకు బయలుదేరారు. తెల్లవారుజామున లారీ ఆటోను ఢీకొట్టింది. కూలికి బయలుదేరిన మనుషులు రోడ్డు మీదే పోయారు. రెండు ప్రభుత్వాలూ సంతాపం చెప్పాయి. ఆ తర్వాత ఆ దారిలో కోతల కాలంలో కూలీల కోసం తెల్లవారుజామున ఒక బస్సు వేశారా? మిరప కోత కాలమంతా వందల మంది రోజూ ఏరు దాటుతారు. ఆటోలో పట్టినంత కంటే ఎక్కువ మంది ఎక్కుతారు, ఎందుకంటే తలా ఒక ఇరవై రూపాయలు తగ్గుతుంది. ట్రాలీలో ఎక్కుతారు. ట్రాలీకి మనుషులను ఎక్కించుకునే అనుమతి ఉండదు కాబట్టి బీమా కంపెనీ కోర్టులో అదే మాట ముందు పెడుతుంది. చనిపోయినవాళ్ల పిల్లలకు డబ్బు అందక ఏళ్లు గడుస్తాయి. కూలీలను పిలిపించుకునే రైతులం మనం. మేస్త్రికి చెప్పేశాం, ఎలా తీసుకొచ్చాడో మాకు తెలియదు అనడం ఇక చెల్లదు. సంఘంలో ఈ మాట ఇష్టం లేనివాళ్లు ఉన్నారు, అయినా రాస్తున్నాం.

ఇంకొకటి, రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం. ప్రమాదం జరిగిన ప్రతిసారీ రైతుల నిర్లక్ష్యం అని రాస్తారు. సాయంత్రం చీకట్లో నల్ల పట్టా కప్పిన వడ్ల కుప్పను, దాని చుట్టూ పెట్టిన రాళ్లను బైకు గుద్దుకుంటే ప్రాణం పోతుంది. పోయింది కూడా. ఏ రైతూ సరదాకు రోడ్డు మీద వడ్లు పోయడు. తేమ 17 శాతానికి దిగకపోతే కొనుగోలు కేంద్రంలో తిరగ్గొడతారు. హార్వెస్టర్ వచ్చాక కోత ఒక్క పూటలో అయిపోతుంది, వడ్లన్నీ పచ్చిగా ఒకేసారి చేతికొస్తాయి. ఒకప్పుడు కల్లంలో కుప్ప వేసి నూర్చి ఎండబెట్టుకునే వ్యవధి ఉండేది. ఇప్పుడు కల్లాల జాగా కూడా లేదు, కౌలు రైతుకైతే మొదటి నుంచీ లేదు. ఊళ్లో చదునుగా, గట్టిగా, ఎండ తగిలే నేల ఒక్క రోడ్డే. ఉపాధి హామీలో కల్లాలు కట్టుకోవచ్చని చెప్పారు, సొంత పొలం ఉన్నవాళ్లకు కొన్ని వచ్చాయి. రోడ్డు పక్కనే, మార్కెట్ కమిటీ డబ్బుతో, ఊరికో ఆరబోత కల్లం కడితే రోడ్డు మీద ఒక్క గింజ ఉండదు. రోడ్డు కోసం భూమి తీసుకునేటప్పుడు లారీలు ఆపుకునే జాగాకు, డాబాలకు భూమి కనిపించింది. వడ్లు ఆరబోసుకునే జాగా ఎవరి ప్లానులోనూ కనిపించలేదు.

భూమి మాట. ఈ రోడ్డు నాలుగు వరుసలుగా పెరిగే నాటికి భూసేకరణకు అమల్లో ఉన్నది 1894 నాటి చట్టమే. రిజిస్ట్రేషను ధర చూసి, దాని మీద 30 శాతం సొలేషియం కలిపి ఇచ్చే చట్టం. ఊళ్లలో రిజిస్ట్రేషను ధర అసలు ధరకు ఎంత దూరంలో ఉంటుందో మనకు తెలియనిది కాదు. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి మనమే తక్కువ రాయించుకున్న రోజులవి. ఆ తక్కువే భూమి పోయినప్పుడు మన మెడకు చుట్టుకుంది. కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి రోడ్డు దాదాపు పూర్తయింది. కొత్త చట్టంలో మార్కెట్ విలువను ఊళ్లలో ఒకటి నుంచి రెండు రెట్ల దాకా పెంచి, దాని మీద నూటికి నూరు సొలేషియం. కొద్ది నెలల తేడాతో ఈ దారి రైతులకు అది దక్కలేదు. మనకు కోపం రావాల్సింది ఆ తేదీ మీద కాదు. మొత్తం భూమిలో పోయినది మూల ముక్కే కావచ్చు, కానీ బోరు ఆ ముక్కలో ఉండేది, మిగిలిన రెండెకరాలకు నీళ్లు అక్కడి నుంచే పోయేవి. నష్టపరిహారం లెక్కలో పోయిన సెంట్లు ఉంటాయి, ఎండిపోయిన రెండెకరాలు ఉండవు.

ఇదంతా అయిపోయిన కథ అనుకునేవాళ్లకు ఒక మాట. ఈ రోడ్డు మీద కొండమోడు దగ్గర ఎడమకు తిరిగితే సత్తెనపల్లి మీదుగా పేరేచర్ల, గుంటూరు. పలనాడు మిరప యార్డుకు పోయే దారి అదే. దాన్ని జాతీయ రహదారిగా చేసి వెడల్పు చేసే పని పెట్టుకున్నారు. రాష్ట్ర రహదారి జాతీయ రహదారి అయితే బోర్డు రంగు ఒక్కటే మారదు, భూమి తీసుకునే చట్టం మారుతుంది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద తీసుకుంటారు. అందులో 3ఎ ప్రకటన పేపర్లో వచ్చిన రోజు నుంచి అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు 21 రోజులు. చాలామంది పేపర్లో సర్వే నంబర్లు చూసుకోరు. కొలతల వాళ్లు రాళ్లు పాతేదాకా తెలియదు. అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. పరిహారం మాత్రం 2015 నుంచి జాతీయ రహదారులకు కూడా కొత్త చట్టం లెక్కనే కట్టాలి. అంతకు ముందు తీసుకున్న భూములకు కూడా సొలేషియం, వడ్డీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2019లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. ధర చాలలేదంటే మధ్యవర్తి దగ్గరికి వెళ్లే హక్కు 3జి కింద ఉంది. డబ్బు తీసుకున్నాం కదా, ఇక అడగకూడదేమో అని ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అపోహ వదలాలి.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. పలనాడులో, మిర్యాలగూడ ఆయకట్టులో కౌలు మీద నడిచే సేద్యం ఎంతో మనకు తెలుసు. 2013 చట్టం ప్రకారం మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారు, కూలీ కూడా ప్రభావిత కుటుంబమే. కాగితం మీద ఉన్న ఈ మాట రుజువు చేయడానికి కౌలు కాగితం కావాలి. భూయజమాని రాసివ్వడు. రాసిస్తే భూమి పోతుందని భయం. ఆంధ్ర వైపు 2019 చట్టం కింద సీసీఆర్‌సీ కార్డు ఉంది, దానికీ యజమాని సంతకం కావాలి. చుట్టూ తిరిగి మొదటికే వచ్చాం. యజమానులైన మన సభ్యులే ముందు సంతకం పెడితే మిగతావాళ్లను అడగడానికి మనకు నోరు వస్తుంది.

మనం ఏం అడుగుతున్నాం? రోడ్డు తీసేయమని కాదు. వాడపల్లి దగ్గర రైతు సొంత ధాన్యం మిల్లుకు పోవడానికి రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్న ఒకే పత్రం ఉండాలి. అది కోతలకు ముందే రావాలి, లారీలు ఆగిన తర్వాత కాదు. టోల్ గేట్ల దగ్గర ట్రాక్టరుకే కాదు, సీజనులో పంట మోసే చిన్న బండ్లకు కూడా మినహాయింపు కావాలి. తెగిన డొంకల దగ్గర సర్వీసు రోడ్డు, ట్రాలీ ఎత్తుకు సరిపడా అండర్ పాస్ కట్టాలి. మిరప కోతల మూడు నెలలు దామరచర్ల – గురజాల మధ్య తెల్లవారుజామున రెండు ఆర్టీసీలూ కలిసి బస్సులు నడపాలి. కడపటిది అన్నిటికంటే చవక, దానికి ఏ కొత్త చట్టమూ అక్కర లేదు. బహుశా అందుకే ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఈలోగా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. ట్రాలీ వెనక రేడియం స్టిక్కరు, ఎర్ర లైటు ఖర్చు ఒక ఎరువు కట్ట కంటే తక్కువ. రోడ్డు మీద తప్పనిసరై వడ్లు పోస్తే సాయంత్రానికి ఎత్తేయాలి, రాళ్లు పెట్టవద్దు. కూలీలు ఆటోలో ఎంతమంది వస్తున్నారో రైతే చూసుకోవాలి.

నార్కట్‌పల్లి నుంచి మేదరమెట్ల దాకా ఈ రోడ్డు వెంట ఉన్న గ్రామ కమిటీలు మూడు సంగతులు రాసి పంపాలి. మీ ఊరి దగ్గర ఏ డొంక, ఏ బండ్ల బాట తెగింది, దాని ఎదురుగా డివైడర్‌కు కటింగ్ ఉందా లేదా, లేకపోతే పొలానికి ఎంత చుట్టు తిరగాలి. సర్వే నంబరు, దగ్గరి కిలోమీటరు రాయి నంబరు వేస్తే చాలు, పెద్ద అర్జీ భాష అక్కర లేదు. ఏరుకి రెండు వైపుల నుంచీ వచ్చినవి కలిపి ఒకే పటం గీసి, ఒకే రోజు రెండు ప్రభుత్వాల రోడ్లు భవనాల శాఖలకు ఇస్తాం.